‘కాదు’ లేని అఫిడవిట్

కొత్తగా నల్లకోటు తొడుక్కున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, మూలన పడి ఉన్న నా లా పుస్తకాల వైపు ఆశగా చూస్తారు, చివరికి అందరూ ఒకటే ప్రశ్న వేస్తారు. “మేడమ్, మీ ప్రాక్టీసులో మరిచిపోలేని కేసు ఏది?” వాళ్లు ఎదురుచూసేది హత్య కేసు. పోనీ కనీసం బాంబుల కేసు. కర్నూలు జిల్లాలో ఇన్నేళ్లు లాయరుగా ఉండి బాంబులు లేని కథ చెబితే నా కాఫీ కూడా వాళ్లకు చప్పబడిపోతుంది. అయినా చెబుతాను. మోకాళ్లు మొరాయించి ఆఫీసు మూసేసినందుకు నాకు మిగిలిన సుఖం అదొక్కటే, నాకు నచ్చింది చెప్పడం.

ఆ కేసుకు నంబరు లేదు. జడ్జి లేడు. ఎదుటి పార్టీ కూడా లేదు. ఒక పాప, ఒక బర్త్ సర్టిఫికెట్, అందులో తప్పుగా పడిన ఒక పేరు. పేరు సరయితే పాప తల్లి దగ్గరికి పోతుంది. కాకపోతే పోదు. అంతే.

ఆదోని కోర్టు ఎదురుగా మేడ మీద ఉండేది నా ఆఫీసు. నేను చూసినవన్నీ భాగపరిష్కారం దావాలు, చెక్కు బౌన్సులు, అద్దె తగాదాలు, మనోవర్తులు. విదేశం అంటే నా ప్రాక్టీసులో బళ్లారి. అలాంటి నా దగ్గరికి బ్రిటన్ వ్యవహారం ఎందుకు వచ్చిందంటే, హైదరాబాదులో ఒక వీసా ఏజెంటు దాన్ని అప్పటికే సగం చెడగొట్టి ఉన్నాడు కాబట్టి. మిగతా సగం చెడగొట్టడానికి అతనికి లోకల్ లాయరు సంతకం కావలసి వచ్చింది.

వచ్చినతను ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. సన్నటి మనిషి, మాట అంతకంటే సన్నం. పక్కన ఐదేళ్ల పాప, రెండు జడలు, రెండు కాళ్లూ కుర్చీలోంచి ఊపుతూ.

“మేడమ్, మా ఆవిడ స్టాఫ్ నర్సు. లండన్ దగ్గర పని జేస్తాంది” అన్నాడు.

“దగ్గర అంటే ఎంత దగ్గర?”

“రైల్లో నాలుగు గంటలంట.”

“నాలుగు గంటలు పోతే మనకు హైదరాబాదు వస్తుందప్పా. హైదరాబాదు ఎమ్మిగనూరు దగ్గర ఉందంటావా?”

అతను బెదిరిపోయి పాప చెయ్యి పట్టుకున్నాడు. నా నోరు అలాంటిది. బార్ రూములో పెద్ద లాయర్లే నేను వస్తే పేపరు పెద్దది చేసి మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్లు.

మెల్లగా సంగతి బయటికి వచ్చింది. భార్య ఆస్పరి పక్క పల్లెలో కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం పిల్ల. చర్చి వాళ్ల సాయంతో నర్సింగు చదివింది. ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసింది, పరీక్షలు రాసింది, బ్రిటన్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. నర్సు వీసా మీద భర్తనూ బిడ్డనూ పిలిపించుకోవచ్చు. భర్తకు పాస్‌పోర్టు వచ్చింది. పాపది మాత్రం ఆగిపోయింది. ఈలోగా అక్కడి నిబంధనలు మళ్లీ మారతాయని, కుటుంబాలను రానివ్వరని నర్సుల వాట్సాప్ గ్రూపుల్లో రోజుకొక పుకారు. ఆ పుకారు వచ్చినప్పుడల్లా ఆమె ఫోన్ చేసి ఏడుస్తుంది. ఇతను మగ్గం ఆపి వింటాడు.

“ఎందుకు ఆపినారు పాస్‌పోర్టు?”

సర్టిఫికెట్ నా ముందు పెట్టాడు. తండ్రి పేరు క్రైస్తవుల పేరు, సరిగ్గానే ఉంది. తల్లి పేరు చివర మాత్రం ముస్లిం ఆడవాళ్ల పేర్లలో వచ్చే ‘బీ’ ఉంది.

“ఎవరీమె? నీ మొదటి భార్యా?”

“అయ్యయ్యో, గాదు మేడమ్! పక్కింటామె. పరుపులు కుడతాది.”

“పక్కింటామె పేరు తల్లి పేరు ఉండాల్సిన చోట ఎందుకుంది?”

“ఆమె కొనింది మేడమ్.”

“ఏం కొనింది?”

“పాపను.”

నా పెన్ను ఆగిపోయింది. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాను. “అప్పా, ఆ మాట నా దగ్గర అన్నావు, సరిపోయింది. బయట అనకు. బిడ్డను అమ్మడం, కొనడం జైలు కేసు. తెలుసా నీకు?”

“తౌడుకు మేడమ్” అన్నాడు, అదేదో నేరం తగ్గించే సంగతి అయినట్టు. “ఒగ చాట తౌడుకు.”

అప్పుడు అర్థమైంది. ఈ కథ చదివే పట్నం పిల్లల కోసం చెబుతున్నాను. మా వైపు వరసగా బిడ్డలు దక్కని ఇంట్లో మళ్లీ కాన్పు అయితే, పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి వేరే ఇంటి ఆడమనిషికి అమ్ముతారు. ఆమె తవుడో జొన్నలో ఇచ్చి కొంటుంది. ఆ తరువాత బిడ్డ ఎప్పటిలాగే కన్న ఇంట్లోనే పెరుగుతుంది. మృత్యువు వచ్చి ‘ఈ ఇంటి బిడ్డ ఎక్కడ?’ అని అడిగితే, ‘మా బిడ్డ కాదు, పక్కింటి వాళ్లది’ అని చెప్పడానికి. ఇందులో మతం అడ్డురాదు. ఎవరిల్లు చల్లగా ఉంటే వాళ్లకు అమ్ముతారు. వీళ్లకు అంతకు ముందు ఇద్దరు బిడ్డలు పోయారు.

“మరి సర్టిఫికెట్ సంగతి?”

“లాక్‌డౌన్ మేడమ్. నేను ఎమ్మిగనూరులో ఇరుక్కుపోయినా. దారంతా కంచెలు. ఆవిడ ఆదోనిలో బాడుగింట్లో ఒగతే. రోజులు నిండకముందే నొప్పులొచ్చినాయి. పరుపులామే పురుడు పోసింది. ఆమే పోయి పేరు రాయించింది. తల్లి అని ఆమె పేరే పడింది. సూసి నవ్వుకున్యాం. మా అమ్మయితే సంతోషపడింది గూడా, కాగితంలో గూడా పక్కింటి బిడ్డే అయింది, ఇంగ భయం ల్యా అని.”

“నీ ఏజెంటు ఏమంటాడు?”

“ఆమె నుంచి మా ఆవిడ దత్తత తీస్కున్నట్ల కాగితం రాయించమంటాడు.”

నేను నవ్వాలో అరవాలో తేల్చుకోలేక రెండూ చేశాను. కన్నతల్లి కన్నబిడ్డను దత్తత తీసుకోవడం! అదీ హిందువుల దత్తత చట్టం కింద, ఇచ్చేది ముస్లిం, తీసుకునేది క్రైస్తవురాలు. ఇద్దరికీ వర్తించని చట్టం. దాన్ని బ్రిటన్‌కు పంపితే వీసా రాదు సరికదా, ఆ పాప ఎవరి బిడ్డో తేల్చడానికి ఇంకో పదేళ్లు పట్టేది. ఏజెంటుకు ఫోన్ చేసి నాకు తెలిసిన తెలుగంతా వాడాను.

జనన నమోదు చట్టంలో తప్పు దిద్దే దారి ఉంది. అంత కష్టమైనదేమీ కాదు. గర్భం నాటి స్కాన్ రిపోర్టులు నర్సు పేరు మీదే ఉన్నాయి. ఆశా కార్యకర్త ఇచ్చిన టీకాల కార్డులోనూ తల్లి పేరు నర్సుదే. లోటల్లా ఒక్కటే. తప్పు సమాచారం ఇచ్చింది పరుపులామె కాబట్టి, అది తప్పు అని ఆమె నోటితోనే చెప్పాలి. ఒక్క వాక్యం. ‘ఈ పాప నేను కన్న బిడ్డ కాదు.’ సంతకం. అయిపోయింది.

కోర్టు గోడవారగా కంప్యూటరు పెట్టుకున్న టైపిస్టు నా అఫిడవిట్లన్నీ చేసేవాడు. ఆయన దగ్గర అన్ని రకాల పత్రాలూ ముందే తయారుగా ఉండేవి, పేర్లు మార్చడమే పని. “మేడమ్, మన అఫిడవిట్లల్లో సగం ‘కాదు’, సగం ‘లేదు’. నడుమ నడుమ ‘ఎరుగను’. అంతకన్నా ఏమి రాస్తాం?” అనేవాడు. నేను టీ తాగి వచ్చేలోపు కాగితం వేడివేడిగా చేతిలో పెట్టాడు.

దాన్ని పట్టుకుని నేనే పరుపుల అంగడికి వెళ్లాను. క్లయింట్లను ఆఫీసుకు రప్పించుకోవాలి గానీ మనం పోకూడదని మా సీనియరు చెప్పేవారు. నాకేమో ఈ తవుడు బేరం చేసిన మనిషిని చూడాలని ఒకటే కుతూహలం.

చిన్న సందులో అంగడి. గది నిండా దూది. మధ్యలో అరవై దాటిన ఆమె, పొడవాటి సూదితో పరుపు కుడుతూ, ముక్కుపుడక మీద కూడా దూది. కాగితం చదివి వినిపించాను. చివరి మాట దగ్గర సూది ఆగింది.

“అది నేననను” అంది.

“ఏది?”

“ఆ ఆఖరు మాట. గాదు అనేది.”

“నిజమే కదా అమ్మా? నువ్వు కనలేదు కదా?”

“నిజం, అబద్దం అని నేననలే. ఆ మాట నా నోట్లో రాగూడదు అంటాండా. పాప పెద్దమనిసి అయ్యేదాంక అననని వాళ్లవ్వకు మాటిచ్చినా. ఆయమ్మ పోయింది. మాటను ఎవురికి తిరిగియ్యల్ల నేను?”

“నువ్వు అనకపోతే పాప తల్లి దగ్గరికి పోలేదు.”

“అంటే పాపే పోతాది.” దూది వైపు తిరిగి అంది, నాతో కాదు. “ఇద్దురు పోయినారు లాయరమ్మా. ఒగదాన్ని నేనే నీళ్లు పోసి గుడ్డలో సుట్టినా.”

నేను వాదించాను. వాదించకుండా ఉండటం నాకు చేతకాదు. చదువు, టీకాలు, పాప ఆరోగ్యం, పాప బరువు అన్నీ చెప్పాను. ఆమె వింటూనే కుట్టింది. చివరికి, “నువ్వు బాగా మాట్లాడతావమ్మా. గొంతెండి ఉంటాది, నీళ్లు తాగు” అంది. ముప్ఫై మంది సాక్షుల నోరు మూయించిన నేను ఆ నీళ్లు తాగి బయటికొచ్చాను.

నా దగ్గర ఇంకో అస్త్రం ఉంది. తల్లి. ఆ తల్లి బతిమాలితే పరుపులామె కరగదా? వీడియో కాల్ పెట్టించాను. ఫోన్‌ను దూది మూట మీద నిలబెట్టాం. అటువైపు నీలం డ్రస్సులో నర్సు, డ్యూటీకి పోయే ముందు, వెనకాల కిటికీలో వాన. పాప ఫోన్‌కు ముద్దు పెట్టి, పలకరించి, దూదిలో దొర్లడానికి వెళ్లిపోయింది. రెండేళ్లుగా తల్లి అంటే ఆ పిల్లకు వేలెడు మొహం, ఛార్జింగు అయిపోతే ఆరిపోయే మొహం. నర్సు అది చూస్తూనే ఉంది.

“చెప్పమ్మా, ఈ పెద్దమ్మకు నువ్వే చెప్పు” అన్నాను.

నర్సు నన్ను చూసింది. “మేడమ్, ఏమనుకోవద్దు. పెద్దమ్మతో ఆ మాట అనిపియ్యద్దండి.”

“ఏమిటీ?” అరిచాను. “నువ్వు నర్సువు కదా? తవుడుకు బిడ్డ బతికిందని నువ్వు కూడా నమ్ముతావా?”

“నమ్మను మేడమ్. ఇంజక్షన్లు తీసుకున్యా, మాత్రలు మింగినా, ఆ కాన్పు ఎందుకు నిలిచిందో నాకు తెలుసు. అయినా అనిపియ్యద్దు.”

“పాప కావాలా, వద్దా నీకు?”

“కావల్ల మేడమ్. బతికుండే పాప కావల్ల. ఆ మాట అన్యాక రేపు దానికి జరమొస్తే, నేను నర్సునై ఉండి గూడా ఆ మాట తలుచుకుంటా. పెద్దమ్మ అయితే సచ్చిపోతాది.”

పరుపులామె ఫోన్ దగ్గరికి జరిగి, “ఒసే, ఆ దేశంలో తౌడు దొరుకుతాదా?” అని అడిగింది. ఎందుకు అడిగిందో నాకు ఈరోజుకూ తెలియదు. ఏడుపు ఆపడానికేమో.

నర్సు ముక్కు తుడుచుకుని నవ్వింది. “ఈడ తౌడు డబ్బాల్లో పెట్టి అమ్ముతారు పెద్దమ్మా. పొద్దన్నే పాలల్లో ఏసుకోని తింటారు.”

“తోబా! మనుషులా?”

“డాక్టర్లు గూడా.”

“అయితే మంచోళ్లే” అని తేల్చేసింది ఆమె.

ఇలా నా క్లయింటూ నా సాక్షీ ఇద్దరూ ఒకటైపోయి నన్ను ఒంటరిని చేశారు. కోర్టు దారిలో పోవచ్చు. డిక్లరేషన్ దావా వేసి, డీఎన్ఏ పరీక్ష అడిగి, తల్లిని సెలవు పెట్టించి రప్పించి. కానీ మన సివిల్ దావా నడిచే నడకకు పాప ఎంత ఎదిగి ఉంటుందో నాకు తెలుసు. ఆ సంగతి మనసులో పెట్టుకుని ఇంకోసారి పరుపులామెను పిలిపించాను. ఈసారి ఒప్పించడానికి కాదు. ఒప్పించడం నా వల్ల కాదని తేలిపోయింది. మరి ఆ పేరు ఎలా పడింది? ఈమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ‘కాదు’ అనే ఒక్క మాటకే ఇంత భయపడే మనిషి, ‘నేను కన్నాను’ అని ప్రభుత్వ కాగితంలో ఎలా రాయిస్తుంది? అది నాకు కొరుకుడు పడలేదు. పిల్లలూ, ఒక మాట చెబుతాను. సాక్షి మీద కోపం వచ్చినప్పుడు వాదించకండి, కుతూహలం తెచ్చుకోండి. నాకు అది చాలా ఆలస్యంగా తెలిసింది.

పాపను ఒళ్లో పెట్టుకుని నా ఆఫీసు కుర్చీలో కూర్చుంది. నేను కోర్టులో అడిగినట్టే అడిగాను.

“ఆరోజు పేరు రాయించడానికి ఎక్కడికి పోయినావు?”

“వార్డు సచివాలయానికి. తాడు కట్టినారు అడ్డం. తాడుకు ఈ పక్క నేను, ఆ పక్క టేబుల్ కాడ ఒగ పిల్లోడు. ఇద్దరికీ మూతికి గుడ్డలు. అరిస్తే గానీ ఇనపడదు.”

“ఏమని అరిచినాడు?”

“అమ్మా, బిడ్డ అమ్మ నువ్వేనా అని.”

“నువ్వేమన్నావు?”

“నేను కొన్నతల్లిని నాయనా అన్యా.”

“మళ్లీ చెప్పు?”

“కొన్నతల్లిని అని. వాడు, ‘కన్నతల్లివా?’ అన్యాడు. నాకు ‘కొన్నతల్లివా’ అని ఇనపడింది. ఊఁ అన్యా. పేరడిగినాడు, చెప్పినా. రాసుకున్యాడు.”

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. కన్న, కొన్న. మధ్యలో రెండు గుడ్డలు, ఒక తాడు. ఆ పిల్లవాడిని ఏమనాలి? కొన్నతల్లి అనే మాట ఉంటుందని ఏ ట్రైనింగులో చెబుతారు? అరవై ఏళ్ల మనిషి ఐదురోజుల బిడ్డకు తల్లినంటుంటే అనుమానం రావద్దా అంటారా? బురఖా, మాస్కు, కళ్లద్దాలు. వయసు కనపడటానికి చోటెక్కడుంది?

అప్పుడే పాప ఆమె గడ్డం పట్టుకుని తిప్పి, “కొన్నమ్మా, పోదాం పా” అంది. నేను అప్పటిదాకా అది ఏదో ముద్దుపేరు అనుకున్నాను. ఆ ఇంట్లో ఆ వరసకు అదే మాట. అమ్మ, నాన్న, అవ్వ, కొన్నమ్మ.

నాలోని లాయరు నిద్ర లేచింది. “అమ్మా, నువ్వు ఎవరి దగ్గర కొన్నావు?”

“పాప వాళ్లమ్మ కాడ.”

“ఆమే ఎందుకు అమ్మింది?”

“ఆమె గాక ఇంగెవురు అమ్ముతారు? ఆమె కనింది గదా!”

“ఈ మాట చెప్పడానికి నీకు అభ్యంతరమా?”

“ఏ మాట?”

“ఆమె కన్నది, నువ్వు కొన్నావు. ఈ మాట.”

ఆమె నన్ను వింతగా చూసింది. “అది సెప్పడానికి ఏముందమ్మా? ఊరంతా తెలుసు. నువ్వు దీన్ని అడగనే ల్యా. కాదు అను, కాదు అను అని ఒగటే పట్టు పట్టినావు.”

టైపిస్టు దగ్గరికి పరుగెత్తాను. పాత పత్రం చెరిపేసి కొత్తగా కొట్టమన్నాను. ఆయన కొడుతూ కొడుతూ ఆగి, “మేడమ్, ఎక్కడా ‘కాదు’ రాలేదే. చెల్లుతుందా?” అని అడిగాడు. ఆ ప్రశ్న సరైనదే. “చెల్లేట్టు చేస్తాను” అన్నాను. ఎలాగో నాకే తెలియదు.

మున్సిపాలిటీలో జననాల రిజిస్ట్రారు రూల్సు మనిషి. కాగితానికి చిల్లు వంకరగా పడితే తిప్పి పంపేవాడు. మేము లోపలికి వెళ్లాం, నేను, మగ్గం మనిషి, పాప చెయ్యి పట్టుకుని పరుపులామె. సాక్ష్యానికి ఆశా కార్యకర్త కూడా వచ్చింది. ఆయన అఫిడవిట్ ఒకసారి చదివాడు. రెండోసారి చదివాడు. కళ్లద్దాలు తీశాడు.

“అమ్మా, మీరు లాయరేనా? బిడ్డను కొన్నానని ఈమె ప్రమాణం చేసి రాసిస్తోంది. నేను దీన్ని తీసుకుని రికార్డులో పెట్టాలా, పోలీసులకు పంపాలా?”

నేను దీనికి తయారయ్యే వచ్చాను. “సార్, ఇది వ్యాపారం కాదు. బిడ్డ ఒక్కరోజు కూడా ఇల్లు మారలేదు...”

“మీరు ఆగండి. నేను ఈమెను అడుగుతాను.” ఆమె వైపు తిరిగాడు. ఆయన ఇప్పుడు అడగబోయేది ఆ ఒక్క ప్రశ్నే అని నాకు తెలుసు. ‘నీ బిడ్డా, కాదా?’ కాదు అనదు. అవును అంటే కేసు అక్కడే పోయింది. మగ్గం మనిషి కళ్లు మూసుకున్నాడు.

“ఏమిచ్చి కొన్నావు?” అని అడిగాడు రిజిస్ట్రారు.

“తౌడు సార్.”

“చాటతోనా, శేరుతోనా?”

“చాటతో. తలగొట్టకుండా, నిండా.”

ఆయన కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. మా వైపు చెత్తకుప్పను తిప్ప అంటాం. దాని మీద పడుకోబెట్టి తెచ్చుకున్న బిడ్డలకు అలాంటి పేర్లే పెడతాం. ఆయన బల్ల మీద పేరు పలక ఉంది. రోజూ చూసే పలకే. ఆరోజు దాకా ఆ పేరు ఎందుకొచ్చిందని నేను ఆలోచించలేదు.

“మా వాళ్లు జొన్నలకు ఇచ్చినారు నన్ను” అన్నాడు, ఆఫీసు తెలుగు వదిలేసి. “కొన్నామె మా ఎదురింటి సాకలామె. సచ్చేదాంక నన్ను ‘నా కొడుకు’ అనే అనింది. మా అమ్మతో కొట్లాడి గూడా.”

ఆ తరువాత వెంటనే కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ రిజిస్ట్రారు అయిపోయాడు. “అదంతా సరే. ఇక్కడ ఈమె మొదట ఇచ్చిన సమాచారం తప్పు అని ఉండాలి కదా? తప్పు అనే మాటే లేదే ఇందులో. ఆడిట్ వాళ్లకు నేనేం చెప్పాలి?”

ఇక్కడ నా వంతు వచ్చింది. నిలబడే మాట్లాడాను, అలవాటు కొద్దీ. “సార్, ఈమె మొదట ఇచ్చిన సమాచారం తప్పు కాదు. ఈమె చెప్పింది కొన్నతల్లి అని. మీ వాళ్లు విన్నది కన్నతల్లి అని. తప్పు చెప్పడంలో లేదు, వినడంలో ఉంది. వినడంలో తప్పు జరిగితే ఈమె ఎందుకు కాదనాలి? మీరు దిద్దాలి. ఇక కన్నదెవరంటారా, స్కాన్లు ఉన్నాయి, టీకాల కార్డు ఉంది, పుట్టిన మరునాడు చూసిన ఆశా కార్యకర్త ఇక్కడే ఉంది. వీటన్నిటికంటే గట్టి సాక్ష్యం ఈమెదే. తనది కానిదాన్ని ఎవరూ అమ్మలేరు. అమ్మినామె ఎవరో ఈమె చెబుతోంది.”

“కోర్టు అనుకున్నారా ఇది?” అన్నాడు. కానీ రాసుకున్నాడు.

అప్పుడు పరుపులామె నోరు విప్పింది. “సార్, దిద్దడం అంటే నా పేరు కొట్టేస్తారా?”

ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆ చట్టంలో ఒక నిబంధన ఉంది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ ఎన్నిసార్లో చదివాం, కానీ అది ఎవరికైనా ఓదార్పు అవుతుందని అనుకోలేదు. తప్పు పడిన పద్దును కొట్టేయకూడదు. మొదటి రాత అలాగే ఉంచాలి. దిద్దుబాటు పక్కన అంచులో రాయాలి, సంతకం చేయాలి.

“కొట్టేయను” అన్నాడు. “నీ పేరు ఉన్నచోటే ఉంటాది. పక్కన కన్నామె పేరు రాస్తాం. పాస్‌పోర్టుకు పోయే కాగితంలో ఆమె పేరొస్తాది. మా రికార్డులో ఇద్దరూ ఉంటారు.”

“ఎంతకాలం?”

“ఈ ఆఫీసు ఉన్నంతకాలం.”

ఆమె పాప తల మీద చెయ్యి పెట్టి ఉర్దూలో ఏదో గొణిగింది. పాప, “కొన్నమ్మా, జడ ఊడతాంది” అని విసుక్కుంది. రిజిస్ట్రారు తల వంచుకుని, అవసరానికి మించి చాలాసేపు సంతకం చేశాడు.

పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది. పుకార్లు పుకార్లుగానే ఉండగా తండ్రీ కూతురూ రైలెక్కారు. పాప తల్లిని విమానాశ్రయంలో చూసి మొదట గుర్తుపట్టలేదట. ఫోన్‌లో ఉన్నంత చిన్నగా ఎందుకు లేవని అడిగిందట. ఆ కబురు చెప్పడానికి పరుపులామె మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. అదే ఆఖరుసారి. వచ్చే ముందే ఏదో అడగాలనుకుని వచ్చిందని ఆయాసం తీర్చుకునే తీరులోనే తెలిసింది.

“ఆడ కొన్నేండ్లు ఉంటే ఆ దేశమోళ్లు పాపను వాళ్ల మనిసి అని రాసుకుంటారంట. నిజమేనా?”

“అడిగితే, నిబంధనలు కుదిరితే, రాసుకుంటారు. పౌరసత్వం అంటారు దాన్ని.”

“అప్పుడు మన దేశాన్ది ఒదులుకోవల్లంట గదా.”

“అవును. మన చట్టం రెండు ఒప్పుకోదు.”

“మరి నన్ను గూడా ఒదులుకోవల్లనా?”

“అమ్మా, అది దేశాలకూ మనుషులకూ మధ్య సంగతి. నీది తవుడు బేరం. పౌరసత్వం మారితే రద్దయ్యేది కాదు. నువ్వు తిరిగి అమ్మితే తప్ప ఎక్కడికీ పోదు.”

ఆమె లేచి, కుచ్చిళ్లకు అంటుకున్న దూది దులుపుకుంది.

“నేనమ్మను” అంది.

మెట్లు దిగి వెళ్లిపోయింది. బ్రిటన్‌కు పోయిన కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మార్చింది నేనే. పోతూ పోతూ ఆమె అన్న ఆ ఒక్క మాటను ఎలా మార్చాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియడం లేదు.